మూడు కూతల సన్మానం

ఇంటి తాళం మార్చేసి, పాత తాళంచెవితో గుమ్మంలో నిలబడ్డవాళ్లని "ఇంకా అదేనా" అని వెక్కిరించేవాణ్ణి ఏమంటారు, చెప్పండి? మా కథలో కార్యదర్శి అన్నారు.

ఒక పెద్ద అడవిలో, వాగొడ్డు బండ మీద కూతల పట్టిక ఉండేది. కొండముచ్చు కోటయ్య చెట్టెక్కి మూడు కూతలు కూస్తే పులి వచ్చిందని అర్థం. కూత మార్చాలంటే ఓ పద్ధతుంది. పట్టికలో పాత కూత పక్కన బంకతో ఎండుటాకు అంటిస్తారు. ఆకు ఉన్నన్నాళ్లూ పాతదీ కొత్తదీ రెండూ కూస్తారు. అన్ని మందలూ నేర్చుకున్నామన్నాకే పాతది ఆగుతుంది. ఆ కూతని మళ్లీ ఇంకో పనికి వాడరు.

కొత్త కార్యదర్శి నక్క జంబన్నకి ఇదంతా చెత్తలా కనబడింది.

"ఆకులు పీకేయండి. ఇవాళ్టినుంచి పులికి ఒక పొడవాటి ఈల. మూడు కూతలు రద్దు."

దుప్పి చుక్కమ్మ లేచింది. "అయ్యా, వాగు పొంగి మా మంద అవతల చిక్కుకుంది. నా కూన అక్కడే ఉంది. కబురు చేరేదాకా రెండూ కూయించండి."

"సర్క్యులర్ అంటించాం కదమ్మా."

"ఇవతలి బండకేగా?"

"మీలాంటివాళ్ల వల్లే అడవి వెనకబడింది."

అధ్యక్షులు ఏనుగుగారు ఈగలు తోలుకుంటూ చెవులూపారు. ఆమోదమని నక్క రాసుకున్నాడు.

అంతటితో ఆగాడా? "మూడు కూతలు ఖాళీగానే ఉన్నాయిగా. నా సన్మానసభకి పిలుపుగా వాడండి. సర్క్యులర్‌లో అదీ చేర్చండి."

"సార్, అది వింటే నా కాళ్లే ఆగవు," నసిగాడు కోటయ్య.

"అలవాటు చేసుకో."

సభరోజు జంబన్న తనే అల్లించుకున్న దండతో వేదికెక్కాడు. కోటయ్య మూడు కూతలు కూశాడు.

వాగు అవతల కూనతో సహా మందంతా పొదల్లో దూరింది. ఇవతల సర్క్యులర్ కంఠతా వచ్చినవాళ్లూ పరుగే. ఏనుగుగారైతే షామియానా తలమీద వేసుకునే వెళ్లిపోయారు.

సభకి వచ్చింది ఒక్కరే. నిన్ననే పక్క అడవినుంచి దిగిన పులి. పాత కూతలు తెలియవు గనక సర్క్యులర్ శ్రద్ధగా చదువుకుంది. దుప్పి మంద కోసం వాగులోకి దిగబోతూ, పిలుపు విని వెనక్కి తిరిగింది. సన్మానమంటే భోజనాలుంటాయి కదా.

కోటయ్య పొడవాటి ఈల వేశాడు.

"ఈలలెందుకయ్యా, చప్పట్లు చాలు," అన్నాడు నక్క, మెలికలు తిరుగుతూ.

మళ్లీ ఈల. నక్క చేతులు జోడించాడు. పులి పంజా తోకమీద పడింది. కోటయ్య ఇక సర్క్యులర్‌ని గాలికొదిలి మూడు కూతలు కూశాడు. కార్యదర్శికి అప్పుడర్థమైంది. లంఘించాడు, బతికాడు. తోక అక్కడే ఉండిపోయింది.

మర్నాడు చుక్కమ్మ బండమీద ఎండుటాకు మళ్లీ అంటించింది. బంక అందించింది జంబన్నే.

నీతి: పులి తప్ప ఎవరూ పాటించని సర్క్యులరే అభివృద్ధి.

రేపు మీ ముందుకీ "పాతది పీకేద్దాం" అనే కాగితం వస్తుంది. సంతకం పెట్టకండి. ముందు వాగు దాటి వెళ్లి, ఇంకా దాన్నే నమ్ముకున్నవాళ్లని అడిగి రండి.