నిద్రకు నూటికి నూరు

ఒక పెద్ద అడవిలో (పెద్దదని ఆ అడవివాళ్ళే చెప్పుకునేవారు) చెంగలి అనే జింక ఉండేది. దానికి పరుగంటే ప్రాణం.

ఏటా వేసవికి ముందు కొండ అవతలి అడవితో పందెం జరిగేది. ఏ అడవి జంతువు ముందుగా మడుగులో మూతి పెడితే, వేసవంతా మడుగు ఆ అడవిదే. కిందటేడు చెంగలి మూతెడు దూరంలో ఓడిపోయింది. ఆ ఎండల్లో దాని మంద బురద నాకి బతికింది.

ఈ ఏటి పందెం దగ్గరపడుతుండగా, "కిందటేడు ఎందుకు ఓడావే?" అని పెద్దలు నిలదీస్తే, చెంగలి నోరు జారి, "ముందురోజు సరిగ్గా నిద్రపట్టలేదండీ" అంది.

అంతే, క్రీడామండలి కూర్చుంది. అధ్యక్షుడు ఘీంకారంగారనే ఏనుగు తొండమెత్తి, "ఇకమీదట ఆటగాళ్ళ నిద్రను కొలవవలెను!" అని తీర్మానించాడు. గుబులయ్య అనే గుడ్లగూబను నిద్రాధికారిగా వేశారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క రాత్రీ నిద్రపోలేదు. అదే ఆయన అర్హత.

ఆ రాత్రే చెంగలి ఇలా కన్ను మూసిందో లేదో, డొక్కలో ముక్కుపోటు పడింది.

"నిద్రపోతున్నావా?" అన్నాడు గుబులయ్య.

"పోయానండీ, మీరొచ్చేదాకా."

"మంచిది. అయితే ఈ టేకాకు మీద డెక్కముద్ర వెయ్యి. కలొచ్చిందా? ఏ రంగు?"

"రాబోతోందండీ."

"రాబోయేవి రాయం. మళ్ళీ గంటకొస్తా."

గంట గంటకీ వచ్చాడు. నెల తిరిగేసరికి చెంగలి కళ్ళు గుంటలు పడ్డాయి, నడుస్తూ చెట్లకి నమస్కారాలు పెడుతోంది. మార్కులు చూస్తే నూటికి తొమ్మిది.

పందెం పదిరోజులుందనగా జాబితా వచ్చింది. నూటికి నూరు తెచ్చుకుని ఎంపికైనవాడు చుట్టలరాజు. ఆయన కొండచిలువ. అడవిపందిని మింగి, నెలరోజులుగా పడ్డచోటే పడున్నాడు. ఎన్నిసార్లు పొడిచినా చలించలేదు.

చెంగలికి ఒళ్ళు మండిపోయింది. "అయ్యా, ఆయనకి కాళ్ళే లేవు!"

"దరఖాస్తులో కాళ్ళ గడి లేదమ్మా" అన్నాడు ఘీంకారంగారు జాలిగా. "నిద్ర బాగుంటే పరుగు బాగున్నట్టే."

చెంగలి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి పడుకుంది. అలవాటుకొద్దీ డొక్క బిగించి ముక్కుపోటు కోసం ఎదురుచూసింది. జాబితాలో లేనివాళ్ళని లేపమని రూలు లేదు కాబట్టి ఎవరూ రాలేదు. కన్ను తెరిచేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు! ఆ పదిరోజులూ అంతే. కాళ్ళల్లోకి పాత గంతులు తిరిగొచ్చాయి.

పందెం రోజు ఎనిమిది ఎలుగుబంట్లు చుట్టలరాజును మోసుకొచ్చి గీత దగ్గర దించాయి. తీర్పరి కొంగ కూత వేసింది. అవతలి అడవి దుప్పి పరుగు తీసింది. చుట్టలరాజు గురక తీశాడు.

గుబులయ్య ఒక్క పోటు పొడిచి చూసి, "అధ్యక్షా, ఇంత గోలలోనూ నిద్ర చెక్కుచెదరలేదు!" అని ఎగిరి గంతేశాడు. మండలి మొత్తం చప్పట్లు కొట్టింది.

అది వెనక్కి తిరిగి చూసిన దుప్పికి నవ్వాగలేదు. మడుగుకి ఇరవై అడుగుల్లో కూలబడి, పొట్ట పట్టుకుని దొర్లింది. చూసేవాళ్ళ గుంపులో ఉన్న చెంగలికి మాత్రం నవ్వు రాలేదు. దానికి బురద రుచి గుర్తొచ్చింది. ఒక్క ఉదుటున జనం మీంచి దూకి, ఘీంకారంగారి తొండం కిందుగా దూరి, దుప్పి లేచి దులుపుకునేలోగా మడుగులో చెవులదాకా మూతి ముంచేసింది.

"మడుగు ఈ అడవిదే!" అంది కొంగ.

చెంగలి మంద కేకలు పెడుతూ నీళ్ళల్లోకి ఉరికింది. తల్లులు తాగాయి, పిల్లలు తాగాయి, సిగ్గు విడిచి మండలీ తాగింది. ఆనందంతో చెంగలికి కళ్ళనీళ్ళొచ్చాయి.

సాయంత్రం సన్మానసభ పెట్టారు. "ఇది మన నిద్రపథకం సాధించిన విజయం!" అంటూ ఘీంకారంగారు గుబులయ్యకి అరిటాకు శాలువా కప్పాడు. చుట్టలరాజుకి ఉత్తమ క్రీడాకారుడి బిరుదిచ్చారు. ఆయన లేవలేదు కాబట్టి ఒంటిమీదే పెట్టి వచ్చారు.

"చెంగలీ, నీకూ శుభవార్తే" అన్నాడు అధ్యక్షుడు. "వచ్చే ఏటి జాబితాలో మొదటి పేరు నీదే. గుబులయ్యగారు ఈ రాత్రినుంచే వస్తారు."

ఆ మాట పూర్తయ్యేసరికి చెంగలి అక్కడ లేదు. పొద్దున పందెంలో కూడా అంత జోరుగా పరిగెత్తలేదని చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

నీతి: పందెం గెలవాలంటే హాయిగా నిద్రపోవాలి, హాయిగా నిద్రపోవాలంటే ముందు జాబితాలోంచి పేరు కొట్టేయించుకోవాలి.