పోసైడన్ కోపమే మన భాగ్యం

మన కొరింథు తీరానికి పోసైడన్ కోపం చేసినంత మేలు మరేదీ చెయ్యలేదు! నవ్వకండి. సముద్రానికీ, భూకంపాలకీ, గుర్రాలకీ కలిపి ఒక్కడే దేవుడు. ఆ ఒక్కడికీ ముక్కుమీద కోపం. ఇంతకంటే అనువైన దేవుడు ఇంకెక్కడైనా దొరుకుతాడా?

పక్క ఊరెళ్ళిన మొగుడు రెండ్రోజులు ఆలస్యంగా, అదీ తూలుతూ ఇల్లు చేరాడనుకోండి. పోసైడన్ గాలి తిప్పేశాడు! కొత్త కుండ కారుతోందా? భూమి కంపించి ఉంటుంది. పందెంలో గుర్రం ఓడిందా? అదీ ఆయన శాఖే! మా ఆవిడ మిర్తో పప్పు మాడ్చినా ఆయన పేరే చెబుతుంది. దేవుడి మాట కాబట్టి నేను నోరు మూసుకుని తింటాను.

ఇక రేవుగోడ కట్టే నికాండ్రోస్‌కైతే ఆయన ఇలవేల్పు. గోడ కడతాడు, అది కూలుతుంది. "దేవుడికి కోపమొచ్చింది" అంటాడు. వెంటనే ఊరంతా సభ, ఎద్దు బలి. ఎముకలూ కొవ్వూ కాల్చి దేవుడికి పొగ పంపిస్తాం. మాంసం మనం తింటాం. తిన్న నోటితో గోడ ఎందుకు కూలిందని ఎవరు అడుగుతారు చెప్పండి? గోడ పని మళ్ళీ నికాండ్రోస్‌కే!

మొన్న కూలినప్పుడు మాత్రం నాకు తిక్క రేగింది. ఆ రోజు గాలి లేదు, అల లేదు. గోడ తనంతట తానే చతికిలబడి నా పడవ ముక్కు విరగ్గొట్టింది. చూస్తే పైపైన ఒక వరస రాయి, లోపలంతా ఇసుక! నాకున్నది ఆ ఒక్క పడవే. తూరచేపలొచ్చే కాలం. ముక్కు అతికించుకున్నాను సరే, గోడ లేని రేవులో ఎక్కడ కట్టుకోను? ఒక్క గాలివాన వచ్చిందంటే నేనూ మిర్తో అడుక్కుతినాల్సిందే.

సభలో లేచి అడిగేశాను. "అయ్యా, ఆ రోజు సముద్రం కదలనైనా లేదు కదా?"

"కోపం కడుపులో పెట్టుకున్నాడోయ్! అది మరీ ప్రమాదం" అన్నాడు నికాండ్రోస్.

అందరూ తలలూపారు. ఎద్దు అప్పటికే కాలుతోంది, కమ్మటి వాసన. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ ఊపాను.

ఇంటికొస్తే మిర్తో దులిపేసింది. "మాంసం మెక్కి వచ్చావా? ఆ నికాండ్రోస్ నీళ్ళ ఒడ్డునే కొత్తిల్లు కట్టాడు. దానికి పెచ్చయినా ఊడలేదేం? వెళ్ళి ఆ గోడలు చూసి రావయ్యా!"

చూశాను. తెల్లారేసరికి నా పడవ తెచ్చి ఆయన వసారా స్తంభానికి కట్టేశాను.

నికాండ్రోస్ పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, ఇది ఇల్లురా, రేవు కాదు!"

"ఇల్లు తమరిదే బాబూ. రాళ్ళే రేవువి!"

ఆయన ఎర్రబడి ఏదో అనబోయాడు. ఈలోగా నా వెనక ఊళ్ళో పడవలన్నీ వచ్చి ఆగాయి. తాడు చేత్తో పట్టుకుని ఒక ముసలాయన ఎంతో మర్యాదగా అడిగాడు.

"నికాండ్రోస్ గారూ, నాకు ఏ స్తంభం ఇస్తున్నారు?"