దానానికి పోయిన అణువు

శనివారం పొద్దున డాక్టర్ మ్యూరియల్ ఫాదర్‌గిల్ పెట్టుకున్న పనులు రెండే. ముందు కేకు, తర్వాత అణువు. సాయంత్రం టీకి ప్రొఫెసర్ టాటర్‌సాల్ వస్తున్నాడు. ఆయనకు కేకు పెట్టాలి, అణువు చూపించాలి. యుద్ధం ముగిసి మూడేళ్ళయినా చక్కెర ఇంకా రేషన్‌లోనే ఉంది కాబట్టి, ఆ కేకు కోసం మొగుడూ పెళ్ళాం కొన్నాళ్ళుగా చప్పటి టీ తాగుతున్నారు. ఇక అణువు సంగతి అడగకండి. దానికోసం ఆవిడ కళ్ళజోడు రెండుసార్లు మారింది.

అది ఒక బూజులోంచి తీసిన మందు. ప్రాణాలు నిలబెట్టే మందే గాని, బూజు దయతలిస్తేనే దొరుకుతుంది. దాన్ని ఫ్యాక్టరీలో చేయాలంటే అణువులో ఏ పరమాణువు ఎక్కడుందో తెలియాలి. మ్యూరియల్ ఆ మందు స్ఫటికం గుండా ఎక్స్‌రేలు పంపి, ఫోటో ప్లేటు మీద పడ్డ చుక్కల్ని లెక్కగట్టి, గడప దాటకుండానే ఆ అణువనే ఇంటి లోపలి ప్లాను గీసింది. ఆ ప్లాను ప్రకారం రంగులేసిన చెక్కబంతుల్ని ఇత్తడి తీగలకు గుచ్చి భోజనాల బల్ల మీద పెద్ద బొమ్మ కట్టింది. నల్లవి కర్బనం, ఎర్రవి ఆక్సిజన్, నీలివి నైట్రోజన్, పసుపుది గంధకం.

తగువంతా నడిమధ్యనున్న వలయం దగ్గర వచ్చింది. అందులో పరమాణువులు అయిదని మ్యూరియల్ అంటుంది. ఆరని టాటర్‌సాల్ అంటాడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. "వాన పడుతోందండీ" అంటే "పడటం లేదు, తగ్గుతోంది" అనే రకం. సోమవారం లండన్‌లో కమిటీ కూర్చుని, దేశానికంతటికీ వచ్చిన ఒక్కగానొక్క కొత్త ఎక్స్‌రే యంత్రం ఎవరికివ్వాలో తేలుస్తుంది. కమిటీ అంటే టాటర్‌సాలే. ఈ సాయంత్రం ఆయన అయిదుకు ఒప్పుకోకపోతే యంత్రం ఇంకెక్కడికో పోతుంది. మ్యూరియల్ పనిచేసే నేలమాళిగలోని ప్రయోగశాలకు తాళం పడుతుంది. ఆ తలుపు మూసేస్తారన్న ఊహకే ఆవిడకు వారం రోజులుగా నిద్రలేదు.

బొమ్మను వెలుతురు బాగుండే ముందుగదిలోకి మార్చాలనుకుంది. అది గుమ్మంలో పట్టలేదు. దాంతో విడదీసి, ముక్కల్ని టీపొడి వచ్చే ఒక పెద్ద చెక్కపెట్టెలో సర్ది నడవలో పెట్టి, కేకు కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. నడవలోనే అదే రకం పెట్టె ఇంకొకటుంది. అందులో అత్తగారి పాత టోపీలున్నాయి. అవి ఆ మధ్యాహ్నం చర్చి హాల్లో జరిగే పాతసామాన్ల సంతకు దానం ఇవ్వాల్సినవి.

సంతకు పెత్తనమంతా మిసెస్ ఒకెండెన్‌ది. పాత పిల్లలబండి తోసుకుంటూ వచ్చి తలుపు తట్టింది. తీసింది మ్యూరియల్ భర్త సెడ్రిక్. బడిలో లాటిన్ చెబుతాడు. శనివారం పూట గళ్ళనుడికట్టు చేతిలో ఉంటే ఆయన ఈ లోకంలో ఉండడు.

"సెడ్రిక్ గారూ, సంతకేదో ఇస్తానంది మీ ఆవిడ."

"ఆఁ, నడవలో పెట్టె ఉంది, పట్టుకెళ్ళండి" అన్నాడు తలెత్తకుండా.

మిసెస్ ఒకెండెన్ రెండు పెట్టెల్నీ కాలితో తట్టి చూసింది. దేవుడి పనికి ఎవరూ తేలికపాటిది ఇవ్వరని ఆవిడ నమ్మకం. బరువైన దాన్ని బండికెత్తుకుని వెళ్ళిపోయింది.

మ్యూరియల్ కేకు ఓవెన్‌లో పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టె మూత తీసింది. ఉష్ట్రపక్షి ఈకలున్న ఊదారంగు టోపీ బయటికి పొంగింది.

"సెడ్రిక్! నా అణువేది?"

"అంత చిన్నదాన్ని నన్నడిగితే ఎలాగ?"

"పెట్టెలో పెట్టాను! నడవలో, పెట్టెలో!"

సెడ్రిక్ పెన్సిలు కింద పెట్టాడు. "మ్యూరియల్, కోపం తెచ్చుకోనంటే ఒక మాట చెప్తాను."

"చెప్పు."

"అది దేవుడికి చేరిపోయింది."

ఇద్దరూ కోట్లు తగిలించుకుని పరిగెత్తారు. హాలు ముందు క్యూ అప్పటికే వీధి మలుపు తిరిగింది. మ్యూరియల్ వెళ్ళి దాని తోక చివర నిలబడింది.

"ఇక్కడ నిలబడతావేంటి? నేరుగా లోపలికెళ్ళి పొరపాటైందని చెప్పు" అన్నాడు సెడ్రిక్.

"క్యూ తప్పా? నేనింకా ఈ ఊళ్ళోనే బతకాలి."

ఆవిడ భయంలో తప్పు లేదు. యుద్ధం రోజుల్లో నారింజపళ్ళ కోసం క్యూ తప్పినావిడను మా నెదర్ విట్లీలో ఇప్పటికీ పేరు పెట్టి పిలవరు. నారింజలావిడ అంటారు. ఆవిడ మనవరాలిని నారింజలావిడ మనవరాలంటారు. ఊరవతల బాంబు పడిన సంగతి మరిచిపోయిన వాళ్ళున్నారు గాని, ఈ సంగతి మరిచిన వాళ్ళు లేరు.

తలుపులు తెరిచి, క్యూ కదిలి, మ్యూరియల్ బల్ల దగ్గరికి చేరేసరికి ఆవిడ అణువు మూతల్లేని టీకుండలకీ చిల్లుపడ్డ అకార్డియన్‌కీ మధ్య గుట్టగా పోసి ఉంది. విడివిడిగా అమ్మడానికని మిసెస్ ఒకెండెన్ బంతుల్ని తీగలనుంచి ఊడబీకేసింది. నడిమి వలయం మాత్రం ఊడక మొరాయించింది. ఇచ్చిన దానం వెనక్కి అడగడం క్యూ తప్పడం కంటే హీనం. కొనుక్కోవడం ఒక్కటే మర్యాదైన దారి.

"ఈ బంతులన్నీ నాకు కావాలండీ" అంది మ్యూరియల్.

"అన్నీనా? పొద్దున మీరే కదమ్మా ఇచ్చారు?"

"ఇచ్చాక అనిపించిందండీ... ముచ్చటగా ఉన్నాయని."

పొరపాటైందన్న ఒక్క మాట నోట్లోంచి వచ్చుంటే కథ అక్కడితో అయిపోయేది. కాని అలా అంటే మిసెస్ ఒకెండెన్‌ని తప్పుపట్టినట్టవుతుంది. మిసెస్ ఒకెండెన్ కళ్ళు చిన్నవి చేసి చూసింది. ఇచ్చిన మనిషే ఒగరుస్తూ వచ్చి అన్నీ కొంటానంటే, వాటిల్లో ఏదో ఉన్నట్టే. ఇన్నేళ్ళ రేషన్ రోజులు నేర్పిన న్యాయం ఆవిడ నోటినుంచి దానంతటదే వచ్చేసింది.

"మనిషికి రెండు! అందరికీ అందాలి!"

ఆ కేక వినగానే హాలంతా ఇటు తిరిగింది. రేషన్ లేని వస్తువును మావాళ్ళు కన్నెత్తి చూడరు. రేషన్ పెడితే తుప్పుపట్టిన గుర్రపునాడాలు కూడా పట్టుకుపోతారు. నిమిషంలో బల్లముందు కొత్త క్యూ మొలిచింది.

"ఏంటవి?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఏమో. డాక్టరమ్మవట."

"ఎక్స్‌రే డాక్టరమ్మవా? అయితే లోపల కిరణాలుంటాయి!"

పోస్టాఫీసు మిస్ ట్విచెట్ తన వంతుకొచ్చిన నీలం బంతిని నొప్పి మోకాలికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. "అమ్మో! జివ్వుమందే!"

"అది ఉత్త చెక్కండీ మిస్ ట్విచెట్!" అని మొత్తుకుంది మ్యూరియల్.

"అలాగే అంటావులే తల్లీ. మరి నువ్వెందుకు రెండు జేబులో వేసుకున్నావు?"

అంతే. ఎవరి నడుముకి వాళ్ళు, ఎవరి మెడకి వాళ్ళు కర్బనం రుద్దుకోవడం మొదలుపెట్టారు. పాదిరిగారు కూడా గంధకాన్ని ఎవరూ చూడకుండా భుజానికి రాసుకున్నారు. మ్యూరియల్ జేబులో రెండు, సెడ్రిక్ జేబులో రెండు. మిగతా అణువంతా ఊరి కీళ్ళ మీద ఉంది.

సెడ్రిక్‌కి ఒక ఉపాయం తట్టింది. ఆ రోజుకి ఒక్కటే ఉపాయం తట్టి ఉంటే బాగుండేది. ఇంటికి పరిగెత్తి, వాళ్ళమ్మ ఊదారంగు టోపీ నెత్తిన పెట్టుకుని, శాలువా కప్పుకుని వచ్చి మళ్ళీ క్యూలో నిలబడ్డాడు.

"ఆ టోపీ మీ అమ్మగారికైతే నప్పేది సెడ్రిక్ గారూ" అంది మిసెస్ ఒకెండెన్. "మీ కోటా అయిపోయింది. తర్వాతెవరు?"

సెడ్రిక్ టోపీ తియ్యడం కూడా మరిచిపోయి భార్య దగ్గరికొచ్చాడు. "మ్యూరియల్, ఇంకో సంగతి. నల్లబంతుల గురించి బెంగపెట్టుకోకు. ఇంట్లో కేకు మొత్తం కర్బనమైపోయింది."

మ్యూరియల్ జవాబు చెప్పబోయి, తలుపు వైపు చూసి, గబుక్కున పాతకోట్ల వెనక్కి దూరింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ముందు రైలుకే దిగిన ప్రొఫెసర్ టాటర్‌సాల్ క్యూలో నిలబడి ఉన్నాడు. ఆయన తప్పేం లేదు. క్యూ కనిపిస్తే ముందు చేరి, దేనికో తర్వాత అడగడం ఆ రోజుల్లో ప్రొఫెసర్ల దగ్గర్నుంచి బంట్రోతుల దాకా అందరికీ అలవాటే.

ఆయన వంతు వచ్చేసరికి బల్ల మీద ఒక్క వలయమే మిగిలింది.

"ఏమిటిది?"

"కొవ్వొత్తుల స్టాండు నాయనా. విరిగింది. ఆరు బంతులుండాలి, ఒకటి ఊడిపోయింది. అందుకే తగ్గించి ఇస్తున్నా."

"ఏం ఊడిపోలేదు."

"ఊడిపోయిందయ్యా. అయిదే ఉన్నాయి, కళ్ళు పెట్టి చూడు. ఆరుంటేనే కదా అందం!"

"ఎవరు చెప్పారమ్మా మీకు ఆరని?"

ఆరు అన్నది తన సొంత సిద్ధాంతమేనని ఆ క్షణంలో ఆయనకు తట్టలేదు. ఎదుటిమనిషి ఒక మాటంది. ఇక ఆయన కంటికి ఆ మనిషి నోరు తప్ప ఇంకేదీ ఆనదు. జేబులోంచి కోణమానిని తీశాడు. అది లేకుండా ఆయన పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళడు.

"ఈ కోణం చూడండి. ఈ కోణం చూడండి. ఎక్కడన్నా ఖాళీ కనిపిస్తోందా? ఇదిగో ఈ పక్కకి పోయే తీగ! ఆరోది పెడితే దీనికి చోటేది? నెత్తిన పెట్టుకోవాలా?"

"ఎక్కడో ఒకచోట పెట్టుకో. ఉండాల్సింది మాత్రం ఆరు."

"అయిదు!"

"ఆరు!"

గొడవ ముదురుతోందని పాదిరిగారు వచ్చారు. ఇద్దరినీ నొప్పించకుండా తీర్పు చెప్పడం ఆయన వృత్తి. "పోనీ, అయిదున్నర అనుకుందామా?"

"అయ్యా!" టాటర్‌సాల్ వలయాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. గొంతు హాలంతా మోగింది. "ఇందులో అయిదే ఉన్నాయి, అయిదే ఉండాలి, అయిదు తప్ప ఇంకేదీ పట్టదు! ఇది చేసినవాడికి పని తెలుసు. ఆరనేవాడు శుద్ధ మూర్ఖుడు!"

కోట్ల వెనకనుంచి మ్యూరియల్ బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"చేసింది వాడు కాదండీ. నేను."

ఆయన ఆవిడను చూశాడు. చేతిలో వలయాన్ని చూశాడు. ఆవిడ జేబులో ఎత్తుగా కనిపిస్తున్న రెండు బంతుల్నీ చూశాడు. మొహం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"ఫాదర్‌గిల్... ఇది కొవ్వొత్తుల స్టాండు కాదా?"

"కాదండీ. సోమవారం మీ కమిటీ ముందుకొచ్చే అణువు."

టాటర్‌సాల్ అంత తేలిగ్గా పడే మనిషి కాదు. గొంతు సవరించుకున్నాడు. "వలయం ఒక్కటే అణువు కాదు. మిగతాది దీనికి అతకాలిగా? అదేది?"

"మిగతాది వీళ్ళ మోకాళ్ళ మీద ఉందండీ."

బంతులు తిరిగివ్వమంటే ఒక్కరూ కదల్లేదు. మిస్ ట్విచెట్ తన నీలం బంతిని బ్లౌజులో దాచేసుకుంది. మ్యూరియల్ కుర్చీ ఎక్కింది. "ఎవరూ ఇవ్వక్కర్లేదు! నేను చెప్పిన చోట, చెప్పిన ఎత్తులో పట్టుకుని నిలబడండి చాలు."

వలయాన్ని హాలు మధ్య వేలాడే దీపానికి కట్టించింది. దాని చుట్టూ ఊరిని పేర్చింది. గంధకం పట్టుకుని పాదిరిగారు బల్లెక్కారు. మిస్ ట్విచెట్ కిటికీ పక్కన నైట్రోజన్ అయింది. ఊదా టోపీలో సెడ్రిక్ రెండు చేతులా ఆక్సిజన్ ఎత్తి పట్టుకున్నాడు. కాఫీ దుకాణం అన్నదమ్ములు నేలమీద కూర్చుని కర్బనాలయ్యారు. వాళ్ళిద్దరికీ పదేళ్ళుగా మాటల్లేవు, కాని మధ్యలో బంధం ఉండి తీరాలంది మ్యూరియల్. నోరు మూసుకుని చేతులు కలిపారు.

"కదలొచ్చా డాక్టరమ్మా?" అంది మిస్ ట్విచెట్.

"కదిలితే మందు విషమైపోతుందండీ."

ఊరంతా కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయింది. టాటర్‌సాల్ కొలత టేపు పట్టుకుని వాళ్ళ మధ్య దూరాడు. చంకల కింద నుంచి వంగి, బల్లల కింద పాకి, కొలిచిందే కొలిచాడు. "బాబూ, చక్కిలిగిలి పెట్టకు, నేను నైట్రోజన్ని" అని మూలిగింది మిస్ ట్విచెట్. మ్యూరియల్ కుర్చీ దిగి మధ్యలోకి నడిచింది. ఇన్నాళ్ళూ కాగితం మీద చుక్కల్లో వెతుక్కున్న ఇల్లు ఇప్పుడు చుట్టూ నిలబడి ఊపిరి పీలుస్తోంది.

చివరికి టాటర్‌సాల్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "సరిపోయింది" అన్నాడు, పన్ను పీకించుకున్నవాడి గొంతుతో.

"నేనైతే ఇప్పటికీ ఆరే అంటాను" అంది మిసెస్ ఒకెండెన్.

"అయిదు!" అని ఆయన అరిచిన అరుపుకి పాదిరిగారు గంధకం వదిలేశారు.

మ్యూరియల్‌కి అప్పుడు తెలిసొచ్చింది తన అదృష్టం ఎవరి నోట్లో ఉందో. ప్రొఫెసర్ని సాగనంపడానికి పనిగట్టుకుని మిసెస్ ఒకెండెన్‌ని కూడా స్టేషనుకు తీసుకెళ్ళింది. రైలు కదిలేదాకా ఆవిడ ఆరంటూనే ఉంది, ఆయన కిటికీలోంచి అయిదు వేళ్ళూ చూపిస్తూనే ఉన్నాడు.

సోమవారం కమిటీలో టాటర్‌సాల్ లేచి, వలయంలో ఉన్నవి అయిదేననీ, తాను మొదటినుంచీ మొత్తుకుంటున్నది అదేననీ ప్రకటించాడు. యంత్రం మ్యూరియల్‌కి మంజూరైంది. సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు గాని, ఆయన్ని కాదనే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. కాదంటే మళ్ళీ ఆరంటాడేమోనని భయం.