హేసాన్ కొంగలకు కసి వచ్చిన వైనం

హేసాన్ కొంగలు అనబడే మా బేస్‌బాల్ జట్టు ఎందుకు ఓడిపోతోందో కారణం దొరికిందని సమస్త ప్రజానీకానికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. విసిరేవాళ్ళు సరిగ్గా విసరకపోవడం కాదు. కొట్టేవాళ్ళు కొట్టకపోవడం కాదు. పట్టేవాళ్ళు వదిలేయడం అసలే కాదు. జట్టుకు కసి లేదు. ఈ సత్యాన్ని కనిపెట్టినవారు శ్రీ దల్సు గారు. ఆయన శాస్త్రవేత్త కారు, మా వార్డు కార్యాలయంలో రెండో కౌంటరు గుమాస్తా. ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్ళ మొహం చూడకుండా "తర్వాత" అనడంలో ఆయనకు జిల్లాలోనే సాటి లేదు.

దల్సు గారికి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే, కొంగలు అక్టోబరులో ఆడుతుంటే చూడాలి. పది జట్లలో మొదటి ఐదూ అక్టోబరులో ఆడతాయి. మిగతా ఐదూ ఇళ్ళకు పోయి టీవీలో చూస్తాయి. మా కొంగలు టీవీ చూడటంలో ఆరితేరిపోయాయి. ఆ చలికాలపు ఆటలకని దల్సు గారు ముచ్చటపడి కొనుక్కున్న జట్టు కోటు ఇంతవరకూ బీరువా దిగలేదు. ఈలోగా ఆయన పొట్ట మాత్రం ఏటా కొంచెం ముందుకు వస్తోంది.

"ఈ ఏడాదైనా వేసుకుంటారా, లేక మా తమ్ముడికి ఇచ్చెయ్యనా?" అని భార్య ఓక్‌బున్ ప్రతి వేసవిలోనూ అడిగేది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఎవరూ చెప్పలేదా నీకు?" అని ఆయన కసిరేవారు. ఆమె నవ్వుకుంటూ బీరువా తలుపు వేసేసేది.

మే నెలలో ఒక ఆదివారం, వరుసగా వారం రోజులు ఓడిన కొంగలు స్టేడియం వెనక గేటునుంచి జారుకోబోతుంటే, దల్సు గారు వాళ్ళ బస్సుకు అడ్డంగా కూర్చున్నారు. ఆయన వెనక మూడువందల మంది కూర్చున్నారు. మా ఊళ్ళో ఇదేమీ అల్లరి కింద లెక్క కాదు. ఓడిన జట్టు బస్సును ఆపి సంజాయిషీ అడగడం ఇక్కడి అభిమానుల జన్మహక్కు. పోలీసులు కూడా వచ్చి, ఎవరి చాపలు వాళ్ళు తెచ్చుకున్నారో లేదో చూసి వెళతారు. మేనేజరు దిగివచ్చి నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"ఓడితే ఓడండయ్యా, మేమేం ఏడవం. మాకు అలవాటే," అన్నారు దల్సు గారు. "కానీ ఓడినట్టయినా ఉండాలి కదా! చొక్కామీద చిటికెడు మట్టి లేదు. ఒక్కొక్కడూ పెళ్ళిభోజనం చేసి వస్తున్నట్టున్నాడు! కసేదయ్యా, కసి?"

మూడువందల గొంతులు "కసి! కసి!" అన్నాయి. ఎండబెట్టిన స్క్విడ్ చేపలు అమ్ముకునే ముసలమ్మ కూడా బుట్ట దించి అరిచింది.

జట్టు అధ్యక్షులు టక్ సంగ్మో గారు మర్నాడే పత్రికలవారిని పిలిపించారు. జట్టు ఒక సబ్బుల కంపెనీది. టక్ గారు బేస్‌బాల్‌లోకి రాకముందు బట్టల సబ్బుల విభాగాన్ని ఏలినవారు. "అభిమాన దేవుళ్ళారా! మీ ఆవేదన మా గుండెల్ని కడిగేసింది. నేటినుంచి గెలుపోటములు మాకు ముఖ్యం కాదు. కసే మా ఊపిరి, కసే మా ఆహారం!" అన్నారు. ఆ ముక్క అన్నాక ఆయన చేపల హోటలుకు భోజనానికి వెళ్ళారు.

కసి అమలు వెంటనే మొదలైంది. మొదట జట్టంతా గుండ్లు గీయించుకుంది. ఇది మా దగ్గర అనాదిగా వస్తున్న చికిత్స. జట్టుకు ఏ రోగం వచ్చినా ముందు జుట్టు తీస్తారు. బస్సు డ్రైవరు, వంటవాడు, దుబాసీ అందరూ గీయించుకున్నారు. బంతి విసరడానికి కొత్తగా వచ్చిన విదేశీయుడికి కారణం గంటసేపు వివరించారు. అతనికి ఏమీ అర్థం కాలేదు. అయినా బుద్ధిమంతుడిలా తల వంచాడు.

తర్వాత బోర్లాపడటం వచ్చింది. బంతి కొట్టినవాడు మొదటి బేసుకు, అంటే పరుగులో మొదటి మజిలీకి, తిన్నగా పరిగెత్తి దాటిపోతే త్వరగా చేరతాడు, రొమ్ముమీద పడి పాక్కుంటూ పోతే ఆలస్యమవుతుంది, ఈలోగా బంతి ముందు చేరితే అవుటు. ఇది బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ పరిగెత్తితే చొక్కాకు మట్టి అంటదు. కాబట్టి ఇకమీదట అందరూ పడాలని ఉత్తర్వు వెలువడింది. మట్టికొట్టుకుపోయిన ఆ చొక్కాలు మర్నాడు టీవీలో సబ్బు ప్రకటనలో తెల్లగా మెరుస్తూ కనిపించేవి. కంపెనీకి ఇంత మంచి ఏడాది మునుపెన్నడూ రాలేదు.

ఈ యుగానికి కథానాయకుడు బాంగ్ గిహో. ఎడమవైపు పొలిమేరలో నిలబడే ఈ కుర్రాడు బంతి ఎటుపోయినా పడేవాడు. తలమీదుగా పోయిన బంతికి కూడా పడేవాడు. లేచి, గుండెమీద గుద్దుకుని, ఆకాశంకేసి గావుకేక పెట్టేవాడు. అప్పటికి బంతి గోడ దగ్గర దొర్లుతూ ఉండేది, అవతలివాళ్ళు రెండు పరుగులు చేసేసేవాళ్ళు. జనం మాత్రం లేచి నిలబడి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. తెల్ల చేతితొడుగులు వేసుకుని జనంచేత పాడించే కేకల నాయకుడు వేదికెక్కి ఈలవేసి గిహో పాట ఎత్తుకున్నాడంటే దల్సు గారి చేతిలోని వేయించిన కోడిముక్క నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఇంత పవిత్ర వాతావరణాన్ని పాడుచేస్తున్నవాడు ఒక్కడున్నాడు. రెండో బేసు దగ్గర ఆడే ప్యో హక్జున్. అతను గుండు గీయించుకున్నాడు గానీ పడడు. బంతి వస్తుంది, అతను అక్కడే ఉంటాడు, తీసుకుంటాడు, విసురుతాడు, జేబురుమాలుతో చెయ్యి తుడుచుకుంటాడు. కదలకుండా నిలబడి చేపను ముక్కున కరిచే పక్షి పేరు పెట్టుకున్న జట్టులో కొంగలా ఆడేది అతనొక్కడే. జట్టులో అందరికంటే ఎక్కువగా కొట్టేదీ అతనే. ఇందువల్ల జనానికి అతనంటే ఒళ్ళుమంట. కేకల నాయకుడు అతనికి పాట కట్టబోయి, ఎక్కడ అరవాలో తెలియక విరమించుకున్నాడు.

జూన్‌లో ఒకరోజు హక్జున్ నివాస ధ్రువపత్రం కోసం రెండో కౌంటరుకు వచ్చాడు. దల్సు గారు జీవితంలో మొదటిసారి తలెత్తారు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు తమ్ముడూ. నువ్వెందుకు పడవు?"

"బంతి ఎటొస్తుందో ముందే తెలుస్తుంది అన్నగారూ. బ్యాటు తిరిగే తీరు చూసి అక్కడికెళ్ళి నిలబడతాను. ఇంక పడాల్సిన పనేముంది?"

"అదే కదా నేననేది! కాస్త దూరంగా నిలబడొచ్చుగా!"

"అప్పుడు బంతి దొరకదండీ," అన్నాడు హక్జున్ మర్యాదగా.

"దొరక్కపోతే పోనీవయ్యా! నువ్వు పడ్డావని మాకు తెలుస్తుంది కదా. మా కడుపు నిండుతుంది కదా!"

ధ్రువపత్రం ఆ రోజు రాలేదు. దల్సు గారు మనసు వికలమై భోజనానికి లేచిపోయారు.

జులైలో ప్రజాభీష్టం మేరకు హక్జున్‌ను రాజధాని జట్టుకు ఇచ్చేసి, బదులుగా పెద్ద గొంతున్న ఒకణ్ణి తెచ్చుకున్నారు. ఊరంతా పండగ చేసుకుంది. ఆ తర్వాత రెండో బేసు పక్కనుంచి బంతులు స్వేచ్ఛగా రాకపోకలు సాగించాయి. అయినా ఆ ఏడాది మిగతా జట్లకు ఏం పోయేకాలం వచ్చిందో, మాకంటే అధ్వాన్నంగా ఆడి, సెప్టెంబరు చివరికి మమ్మల్ని ఐదో స్థానానికి కూతవేటు దూరంలో నిలబెట్టాయి. ఒక్క ఆట మిగిలింది. గెలిస్తే అక్టోబరు, ఓడితే టీవీ. అవతలిది రాజధాని జట్టు.

దల్సు గారు ముందురోజు కోటు తీసి తొడుక్కుని చూసుకున్నారు. బొత్తాలు పట్టలేదు. "ఊపిరి బిగబడితే పడతాయిలే," అన్నారు. ఈసారి ఓక్‌బున్ నవ్వలేదు. మోకాళ్ళమీద కూర్చుని బొత్తాలన్నీ విప్పి అంచుకు జరిపి కుట్టిపెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఆట. ఆఖరి వంతులో మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఇద్దరు అవుటు, మూడోవాడు కూడా అవుటైతే ఆట సరి. మూడో బేసుమీద మావాడొకడు పరుగు పూర్తి చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. బ్యాటు పట్టుకుని వచ్చింది బాంగ్ గిహో. అతను బతికి మొదటి బేసు చేరితే చాలు, స్కోరు సమమవుతుంది. దల్సు గారు రెండు చేతులూ జోడించి, తెలిసిన దేవుళ్ళనీ తెలియని దేవుళ్ళనీ పిలిచారు.

గిహో కొట్టాడు. బంతి నేలను రాసుకుంటూ రెండో బేసు పక్కనుంచి దూసుకుపోయింది. దూసుకుపోయేదే. హక్జున్ అప్పటికే అక్కడున్నాడు. తీసుకున్నాడు, విసిరాడు. గిహో బేసుకు ఒక్క అంగ దూరంలో ఉన్నాడు. పరిగెత్తి దాటేస్తే బతికేవాడే. కానీ యాభై వేల కళ్ళు చూస్తున్నాయి, రొమ్ముమీద పడ్డాడు. మట్టి లేచింది. మట్టిలో ఈదుకుంటూ అతని వేళ్ళు బేసును తాకేసరికి బంతి చేరి కూర్చుంది.

"అదీ! అదయ్యా కసంటే!" అని దల్సు గారు ఆనందబాష్పాలు రాల్చారు. చుట్టుపక్కల అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు చాలాసేపు సాగాయి. అవి ఆగాక గానీ అక్టోబరు పోయిందన్న సంగతి ఆయనకు తట్టలేదు. తట్టగానే కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పాపం, ఆ ఏడుపు నిజమైనది.

ఇక ఆయన తిన్నగా వెళ్ళి బస్సుకు అడ్డం కూర్చున్నారు. కొంగల బస్సుకు కాదు, రాజధానివాళ్ళ బస్సుకు. హక్జున్ దిగివచ్చాడు.

"ఏమయ్యా, ఈ ఆట అక్కడికెళ్ళి నేర్చుకున్నావా? ఇక్కడున్నప్పుడు ఏం రోగం?"

"ఇక్కడా ఇదే ఆడాను అన్నగారూ. మీ కళ్ళముందే ఆడాను."

దల్సు గారికి లోపలెక్కడో చివుక్కుమంది. వెనక కూర్చున్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఇంకొక్క నిమిషం అలాగే గడిచి ఉంటే మా ఊరు ఏదో తెలుసుకునేదే. సరిగ్గా అప్పుడు బాంగ్ గిహో పరిగెత్తుకుంటూ వచ్చి, మట్టిచొక్కాతోనే మోకాళ్ళమీద పడి, నుదురు తారురోడ్డుకు ఆనించి, "నన్ను చంపెయ్యండి! పాపిని!" అని భోరుమన్నాడు. వెనకే టక్ గారి కెమెరాలు వచ్చాయి. జనానికి పోయిన ప్రాణం లేచివచ్చింది. దల్సు గారు అందరికంటే ముందు ఉరికి అతన్ని కౌగిలించుకున్నారు. గిహోను భుజాలమీద ఎత్తుకుని పాట పాడుతూ స్టేడియం చుట్టూ ఊరేగించారు. దారి ఖాళీ కావడంతో రాజధాని బస్సు మెల్లగా అక్టోబరులోకి వెళ్ళిపోయింది.

వచ్చే ఏడాది టిక్కెట్లు ఒక్క పూటలో అయిపోయాయి. కొంగల్లో పనితనం వెతికే దుర్మార్గులు ఇప్పుడు హేసాన్‌లో లేరు.

మీకు నవ్వొస్తోంది, నవ్వండి. కాకపోతే కిందటి ఎన్నికల్లో మీ ఊరికి రోడ్డు వేయించినవాణ్ణి ఓడించి, వేదికమీద వెక్కివెక్కి ఏడ్చినవాణ్ణి గెలిపించింది ఎవరో, నవ్వడం అయ్యాక ఒకసారి మాకూ చెప్పండి.