పెరిగింది!

జీతంతో ఇల్లు గడుస్తుందనుకోవడం శుద్ధ మూఢనమ్మకం! దెయ్యాలున్నాయని నమ్మేవాళ్లని చూసి నవ్వుతాం గానీ, ఒకటో తారీఖున వచ్చిన జీతం ముప్పయ్యో తారీఖు దాకా ఉంటుందని నమ్మేవాళ్లని మాత్రం పెద్దమనుషులంటాం. దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్లు కొందరైనా ఉన్నారు. ముప్పయ్యో తారీఖున జీతాన్ని చూసినవాణ్ని ఒక్కణ్ని చూపించండి!

నేను ఆ నమ్మకం వదిలేసి మూడేళ్లయింది. ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు క్రెడిట్ కార్డు మీద, సబ్బు కార్డు మీద, అద్దె కార్డు మీద. పాల ప్యాకెట్లు వేసే అతను మొదట్లో మొండికేశాడు గానీ, ఇప్పుడు అతని సైకిలు హ్యాండిల్‌కి కూడా స్వైపింగ్ మిషన్ వేలాడుతోంది. మొన్న అర డజను కోడిగుడ్లు ఈఎంఐలో తీసుకున్నాను. ఆమ్లెట్ ఆ పూటే అయిపోయింది. అప్పు మాత్రం నెలకో గుడ్డు చొప్పున తీరుస్తున్నాను.

మరి బిల్లులు ఎవరు కడతారంటారా? ఎంత అమాయకులండీ మీరు! మొదటి కార్డు బిల్లు రెండోది కడుతుంది. రెండోదాని బిల్లు మూడోది కడుతుంది. మూడోదాని గడువు వచ్చేసరికి మొదటిది ఒళ్లు విరుచుకుని సిద్ధంగా ఉంటుంది. సొంత అన్నదమ్ములు కూడా ఇంత అన్యోన్యంగా ఉండరు. మధ్యలో వడ్డీ అనే మేనత్త ఒకావిడ వచ్చి తిష్ఠ వేసింది, పొమ్మన్నా పోదు. ఉమ్మడి కుటుంబమన్నాక తప్పుతుందా?

నేను అట్టపెట్టెల ఫ్యాక్టరీలో జిగురు సెక్షన్‌కి సూపర్‌వైజర్‌ని. మా జిగురు ఎంత గట్టిదో తెలియాలంటే నా జీతాన్ని చూడాలి. ఆరేళ్లుగా అంకె అంగుళం కదల్లేదు. నా యోగ్యతని గుర్తించింది లోకంలో ఒక్క బ్యాంకే! కిందటి సోమవారం సాయంత్రం ఇంటి మెట్లెక్కుతుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "అభినందనలు! మీ నడవడికి మెచ్చి మీ కార్డు లిమిట్‌ని ముప్పై వేలు పెంచుతున్నాం."

అభినందనలు! ఆ మాట నాతో ఎవరైనా అని ఎన్నేళ్లయింది? పెళ్లినాడు కూడా మా మామగారు నా భుజం తట్టి "జాగ్రత్త" అన్నారంతే. ఉబ్బితబ్బిబ్బై, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే కేకేశాను.

"ఏమోయ్, పెరిగింది!"

మన భాషతో వచ్చిన చిక్కే ఇది. ఏం పెరిగిందో చెప్పకుండా దర్జాగా 'పెరిగింది' అనేయొచ్చు. వ్యాకరణం ఒప్పుకుంటుంది. సంసారం ఒప్పుకోదు.

మా ఆవిడ కుట్టుమిషన్ ఆపింది. ఆవిడ ఒక కొట్టువాడికి రోజుకి ఇరవై దిండు గలీబులు కుట్టి ఇస్తుంది. ఆ డబ్బు నెలనెలా కార్డులకి కట్టే మినిమమ్ డ్యూ అనే హుండీలో పడుతుంది.

"ఎంత?" అంది.

"ముప్పై వేలు."

"నిజంగానా! ఇన్నాళ్లకి మీ మేనేజర్‌కి కళ్లు తెరుచుకున్నాయన్నమాట!"

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? నేను నోరు తెరిచి సర్దుకునేలోపే ఆవిడ మిషన్ మీద గుడ్డ కప్పేసింది. కొట్టువాడికి ఫోన్ చేసింది. "మా ఆయనకి పెరిగింది. ఇక మీ గలీబులు మీరే కుట్టుకోండి" అని చెప్పేసింది. తొమ్మిదేళ్ల మా పాప మూడు అంతస్తులూ దిగుతూ "మా నాన్నకి పెరిగింది!" అని చాటింపు వేసింది. కిందింటి పెద్దాయన కంగారుగా పైకొచ్చి "బీపీయా, షుగరా?" అని పరామర్శించి వెళ్లాడు.

ఆ సంతోషంలో కేకు కొన్నాం. ఎలా కొన్నామో వేరే చెప్పాలా?

ఆవిడ కిటికీ పక్కన కూర్చుని టీ తాగింది. వేడివేడిగా, ఊదుకుంటూ తాగింది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ వేడి టీ తాగడం నేను చూడలేదు. ఎప్పుడూ మిషన్ పక్కన స్టూలు మీద పెట్టుకుని, నాలుగు గలీబులయ్యాక మీగడ తీసేసి గుటుక్కున మింగేది. ఆ ముఖం చూశాక నిజం చెప్పడానికి నోరెలా వస్తుంది? నేను తేలు కుట్టిన దొంగలా కేకు తింటూ కూర్చున్నాను.

నాలుగు రోజులు ఆవిడ నాలుగు కప్పుల టీ వేడిగా తాగింది. ఐదోనాడు నాకు జ్ఞానోదయమైంది. అబద్ధాన్ని నిజం చేయడానికి ఒక్కటే దారి. జీతం నిజంగా పెంచమని అడగడం!

మేనేజర్ గారి గదిలోకి వెళ్లాను. చల్లకొచ్చి ముంత దాచినట్టు కాసేపు జిగురు చిక్కదనం గురించి మాట్లాడాను. చివరికి కళ్లు మూసుకుని అడిగేశాను.

"పెంచాలా? ఎందుకయ్యా?" అన్నారాయన, నేను జిగురు తాగుతానన్నట్టు చూసి. "జీతం పెరిగితే పన్ను కట్టాలి. లిమిట్ పెరిగితే పన్నుందా? జీతం నెలకోసారి కనబడుతుంది, కార్డు రోజూ జేబులోనే ఉంటుంది. ఇదిగో చూడు, సోమవారం నాకూ పెరిగింది!"

ఆయన ఫోన్‌లో అవే అక్షరాలు. అభినందనలు, నడవడి, అన్నీ. ఆయనకి లక్ష పెరిగింది. నాకన్నా నడవడి బాగున్నట్టుంది.

"మన జిగురు పీపాలు కూడా ఓనరు గారి కార్డు మీదే వస్తున్నాయి, బయట అనకు. నీకెంత పెరిగింది? ఏదీ, చూపించు" అన్నారు.

జేబు తడుముకున్నాను. ఫోన్ లేదు. పొద్దున చార్జింగ్‌కి పెట్టి ఇంట్లోనే మర్చిపోయాను. పాప స్కూలుకి ఆ రోజు సెలవు. మా పాప కనబడ్డ అక్షరమల్లా గట్టిగా చదివే రకం.

సాయంత్రం మెట్ల దగ్గరే మిషన్ చప్పుడు వినిపించింది. పాప గుమ్మంలోనే ఎదురొచ్చి, "నాన్నా, లిమిట్ అంటే జీతానికి ఇంగ్లీషా?" అని అడిగింది.

మా ఆవిడ తలెత్తలేదు. తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడ్డాను. ఆవిడ దారం పంటితో కొరికింది.

"నాకూ పెరిగింది" అంది.

"ఏమిటి?"

"గలీబులు. రోజుకి ఇరవై ఉండేవి, ముప్పై చేశాడు. మానేసి మళ్లీ అడిగాను కదా, అలుసైపోయాను. రేటు మాత్రం పాతదే." కాసేపు మిషన్ తొక్కి, మళ్లీ అంది. "చెబితే ఏం పోయేదండీ? ఆ కేకు ఖర్చన్నా మిగిలేది."

పాఠకులారా, కార్డు మహిమ గురించి ఇంకో రెండు పేజీలు రాద్దామనుకున్నాను. బియ్యం పెరిగింది, అద్దె పెరిగింది, పాల ప్యాకెట్ పెరిగింది, లిమిట్ పెరిగింది, గలీబులు పెరిగాయి. జీతమొక్కటే పెరగలేదు. అది పెరగనంతకాలం నేను ఈ కార్డుని పొగుడుతూనే ఉండాలి. పొగడకపోతే రేపు ఉప్పెవరిస్తారు? స్టూలు మీద టీ చల్లారిపోయి ఉంది. దాన్ని చూస్తే నాకు నిజంగా సిగ్గేసింది.

కత్తెర తీసుకుని ఆవిడ పక్కన కూర్చుని, కుట్టిన గలీబులకి వేలాడే దారాలు కత్తిరించడం మొదలుపెట్టాను. ఏడో గలీబు దగ్గర ఫోన్‌లో మెసేజ్ మోగింది. పాప పరుగెత్తుకెళ్లి తీసింది.

"అభినంద..."

"అక్కడ పెట్టేయ్!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.