తల్లిగారింటికి పోయిన ఎలుక

పొద్దున పదకొండు గంటలకల్లా ఎనిమిది ఎలుక పిల్లల రక్తపరీక్ష ఫలితం చూపించాలి, తర్వాత కడుపునిండా అన్నం తినాలి. కరీంనగర్ కాలేజీలో పరిశోధన చేస్తున్న ఆఫ్రీన్ ఆ రోజుకు అనుకున్నది అంతే. హైదరాబాద్ నుంచి మమతారాణి మేడం పరీక్షించడానికి వస్తున్నారు. ఆమె సరే అనకపోతే ఐదేళ్ల పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే.

రక్తం చూసి పిల్ల ఎవరిదో చెప్పొచ్చన్నదే ఆమె థీసిస్. లెక్క తేలిక. తెల్ల ఎలుకల రక్తంలో ఒక ప్రొటీన్ రెండు రకాలు. పరీక్షలో తల్లి రకం పైచారగా, తండ్రి రకం కిందిచారగా కనబడుతుంది. ఇద్దరి నుంచీ ఒక్కొక్కటి వస్తుంది కనుక ప్రతి పిల్లకూ రెండు చారలుండాలి. ఐదింటికి ఉన్నాయి. వీపున పంజరం తుప్పు అంటిన మూడింటికి మాత్రం తండ్రి చార లేదు. మళ్లీ చేసింది. మళ్లీ లేదు.

గైడు శ్యాంసుందర్ సారు మొదట తిట్టారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని చూసి, తీసి చూసి మెత్తబడ్డారు. "నీ తప్పేం లేదు ఆఫ్రీన్. తండ్రి గుణమే మాయమైంది. గిసోంటిది ఎక్కడ రాలే."

ఆ మాట ప్రిన్సిపాల్‌కు చేరింది. ఆయన శాలువా తెప్పించారు. పది దాటేసరికి గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఎలుక కంటే సారు ఫొటో పెద్దది. "సార్, జర ఆగుండ్రి, ఇంకోసారి చూస్త" అని ఆఫ్రీన్ అంటూనే ఉంది. ఆమెకు నిజంగా భయం వేసింది.

మమతారాణి మేడం వచ్చి చారలు చూశారు. "ఎనిమిదీ ఈ తల్లి పిల్లలేనా?"

"ఐదే మేడం," అన్నాడు పంజరాలు కడుగుతున్న అటెండర్ మొండయ్య. "దానికి తొలి కాన్పు గదా. తల్లిగారింటికి పంపిన."

"ఎక్కడికి?" అన్నారు సారు.

"పక్క పంజరానికి సార్. దాని అవ్వ, గదే కన్నతల్లి, ఆడనే ఉంటది. అవ్వ సుత అప్పుడే పదకొండు కన్నది, పాలు సాలుతలేవు. పదిహేను దినాలకు బిడ్డను తోలిచ్చేటప్పుడు మూడింటిని ఎంట పంపిన. అవి దానికి పిల్లలు గావు, తమ్ముండ్లు. గుర్తుకని వీపుకు గోరింట పెట్టిన."

ఆఫ్రీన్ తుప్పు అనుకున్నది అదే. "నాకెందుకు చెప్పలే కాకా?"

"నువ్వు అడగలే బిడ్డా."

సారు కుర్చీలో కూలబడ్డారు. మేడం మాత్రం నవ్వారు. "తమ్ముళ్లకు బావ చార ఎలా వస్తుంది? ఎవరూ చెప్పకుండానే నీ పరీక్ష పరాయి పిల్లలను పట్టుకుందమ్మా. ఇంతకన్న రుజువు ఏం కావాలి?" అంటూ సంతకం పెట్టారు. ఆఫ్రీన్‌కు ఏడుపు ఆగలేదు.

ఫ్లెక్సీ దించారు. శాలువా మొండయ్యకు కప్పారు. థీసిస్‌లో మాత్రం ఆ మూడింటినీ సారే ముందుగా ఆలోచించి కలిపించినట్టు ఉంది.