పెద్దమాస్టారి కోరలు

ఆ రోజుకి పళ్ళబాబాయి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే పెద్దమాస్టారి కట్టుడుపళ్ళు క్లినిక్కుకి పంపించెయ్యాలి. ఆ తర్వాత సెలవు. భోజనాల వేళకి ముందే లైబ్రరీలో మీటింగుంది, దానికి వెళ్ళి ఆఖరి వరసలో, స్తంభం చాటున, ఎవరి కంటా పడకుండా కూర్చోవాలి. ఈ పనుల మధ్య ఎక్కడో వీలు చూసుకుని నవల చివరి అధ్యాయం పూర్తి చెయ్యాలి. కొంప ముంచింది ఆ చివరి అధ్యాయమే.

బాబాయిది కట్టుడుపళ్ళు తయారుచేసే వృత్తి. డాక్టరమ్మ పేషెంట్ల నోటి అచ్చు తీసి పంపిస్తే, ఇంటి వెనక గదిలో కూర్చుని మైనంతో చిగుళ్ళు పోసి, పళ్ళు ఒక్కొక్కటే పేర్చి, అరగదీసి, మెరుగుపెట్టి తిప్పి పంపిస్తాడు. నడివయసు దాటింది, జుట్టు పల్చబడింది, నలుగురిలో మర్యాదస్తుడన్న పేరుంది. అలాంటి మనిషి పదహారేళ్ళ పిల్లల కోసం రాసిన రక్తపిశాచాల నవలలు చదువుతాడంటే ఎవరూ నమ్మరు. ఆ పుస్తకాల్ని మొదట ఇంట్లోకి తెచ్చింది కూతురు. ఆ అమ్మాయి కొన్నాళ్ళు చదివి, వయసొచ్చి, పెద్ద పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది. తండ్రి అక్కడే ఉండిపోయాడు.

లైబ్రరీలో ఆ పుస్తకాలున్న అరకి పిల్లలు ‘చీకటి అర’ అని పేరు పెట్టుకున్నారు. శాపాలు, సమాధులు, పౌర్ణమికి తోడేళ్ళయ్యే అన్నదమ్ములు, చచ్చిపోయినా అలక మానని అమ్మాయిలు, అందరి కాపురమూ అందులోనే. బాబాయికి ఆ అరంటే ప్రాణం. పగలంతా పళ్ళులేని నోళ్ళతో గడిపేవాడికి, పని దిగాక కాసేపు ఆ చీకట్లో తిరిగొస్తే మనసు తేలికపడేది. ఇప్పుడా అరని ఎత్తేయించాలని లైబ్రరీ కమిటీ అధ్యక్షుడు పెద్దమాస్టారు పట్టుబట్టారు. ఆనాటి మీటింగు అందుకే. ఆయన చెయ్యెత్తితే కమిటీ అంతా చెయ్యెత్తుతుంది. ఆ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుని గోదాము చేరతాయి.

పెద్దమాస్టారు హెడ్మాస్టరు ఉద్యోగం నుంచి ఎప్పుడో రిటైరయ్యారు గానీ, ఆ సంగతి ఆయన గొంతుకి ఇంకా తెలియదు. బాబాయి కూడా ఒకప్పుడు ఆయన క్లాసులో బెంచీ ఎక్కి నిలబడ్డవాడే కాబట్టి, ఆయన ముందు ఇప్పటికీ నోరు పెగలదు. పళ్ళు పోయిన దగ్గర్నుంచి మాస్టారు బాబాయికి చుక్కలు చూపిస్తున్నారు. మొదటి సెట్టు బిగుతన్నారు. తర్వాతది వదులన్నారు. ఆ తర్వాతది కొరుకుతుంటే తెగడం లేదు, పదునేదయ్యా అన్నారు. ఈ లోపల బోసినోరు కనపడకుండా జేబురుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడటం ఆయనకి అలవాటైపోయింది.

వద్దన్న మొదటి సెట్టు బాబాయి బల్లమీద మిగిలిపోయింది. చీకటి అర పిల్లలకి నాయకురాలు ఒక కాలేజీ అమ్మాయి. అందరూ ‘కెప్టెన్’ అంటారు. మీటింగులో ఓ పేజీ చదివి పెద్దవాళ్ళ మనసు మార్చాలని, దానికి తోడుగా నవల్లోని రక్తపిశాచి కుర్రాడి తలని పాత పేపర్లూ బంకా కలిపి తయారుచేసింది. “కళ్ళు బాగా కుదిరాయి బాబాయ్, పళ్ళు మాత్రం మీరే పెట్టాలి,” అంది. “నా పేరు బయటికి రానివ్వకమ్మా,” అని బతిమాలుకుని బాబాయి ఒప్పుకున్నాడు. ఆ పాత సెట్టుకే రెండు కోరలు అతికించి మెరుగుపెట్టాడు. వాటిని చూస్తే అతనికే ముచ్చటేసింది. పళ్ళు ఎండిపోకూడదు కాబట్టి కోరల సెట్టొకటి, మాస్టారి కొత్త సెట్టొకటి, నీళ్ళు పోసిన రెండు నీలం డబ్బాల్లో పక్కపక్కనే పెట్టాడు.

భార్యకి బజారులో కుట్టుపని దుకాణం ఉంది. క్లినిక్కు దారిలోనే కాబట్టి డబ్బా తనే ఇచ్చేస్తానంది.

“ఏమండీ, ఇచ్చేది ఏ డబ్బా?”

నవల్లో తెల్లవారబోతోంది. చెరువడుగున మునిగిపోయిన పట్నం నుంచి వచ్చిన రక్తపిశాచి కుర్రాడు పడవలో స్పృహ తప్పి పడున్నాడు. పడవ నడిపే పిల్ల చేతిలో తెడ్డు విరిగింది. ఎండ తగిలితే కుర్రాడు బూడిదే.

“ఏమండీ, మిమ్మల్నే. ఇదా, అదా?”

“అదే,” అన్నాడు బాబాయి పేజీ తిప్పుతూ.

“అదే అంటే ఇదేనా?”

“ఆ ఆ. తొందరగా పట్టుకెళ్ళు, ఎండొచ్చేస్తోంది.”

ఆవిడ కిటికీలోంచి చూసింది. బయట మబ్బు పట్టి ఉంది. ఈయన మాటలకి అర్థాలు వెతకడం ఆవిడ ఏనాడో మానేసింది. చేతికి దగ్గరగా ఉన్న డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

కుర్రాడు బతికాడు. బాబాయి కళ్ళు తుడుచుకుని, పుస్తకం మూసి, ఆ హుషారులో కోరల్ని ఒకసారి చూసుకుందామని మిగిలిన డబ్బా మూత తీశాడు. లోపల బుద్ధిగా, వరసగా, ఏ పాపమూ ఎరగని పళ్ళున్నాయి.

భార్యకి ఫోన్ చేశాడు.

“డబ్బా డాక్టరమ్మకి ఇచ్చేశావా?”

“ఆవిడ లోపల ఎవరిదో పన్ను పీకుతున్నారు. మాస్టారు బయటే కాచుకుని కూర్చున్నారు. నా చేతిలోంచి లాక్కుని, గోడవైపు తిరిగి ఆయనే పెట్టేసుకున్నారు.”

“ఏమన్నారు?”

“ఇన్నాళ్ళకి మీ ఆయన చేతికి పనితనం వచ్చిందన్నారు. పదును బాగుందట.”

“నువ్వు ఆయన నోరు చూశావా?”

“ఆయన నోరు నేనెందుకు చూస్తాను? రుమాలు అడ్డం పెట్టుకుని చక్కా వెళ్ళిపోయారు. ఏమైందేమిటి?”

ఏమైందో చెప్పే ఓపిక లేక బాబాయి డబ్బా జేబులో కుక్కుకుని, సైకిలెక్కి మాస్టారింటికి పరిగెత్తించాడు. కోడలు తలుపు తీసింది.

“మావయ్యగారు ఫోటో స్టూడియోకి వెళ్ళారండి. లైబ్రరీ గోడకి అధ్యక్షుల ఫోటోలు పెడతారట కదా. పళ్ళొస్తే గానీ తీయించుకోనని ఇన్నాళ్ళూ ఆగారు.”

స్టూడియోలో మాస్టారు లేరు. ఫోటోగ్రాఫరు ఒక్కడే స్టూలుమీద కూర్చుని గ్లాసుడు నీళ్ళు తాగుతున్నాడు.

“ముందు మూతి బిగించుకుని కూర్చున్నారండి. చక్కగా ఉన్నారు. నేనే ఊరుకోలేక కాస్త నవ్వండి సార్ అన్నాను,” అన్నాడు.

“నవ్వాక చెప్పలేదా మీరు?”

“స్కూల్లో నాకు లెక్కలు చెప్పారు. ఆయనకి నేనేం చెప్తాను? పైగా ఈ వయసులో ఇంత సరదా ఉన్న మనిషని నాకూ ఇవాళే తెలిసింది. ఫ్రేము కట్టి మీటింగు టైముకి లైబ్రరీకి పట్టుకు రమ్మన్నారు.”

“బాబూ, ఆ ఫోటో తేవద్దు.”

“తేకపోతే ఆయనే ఇక్కడికొస్తారు. ఆ నోటితో. మీరే చెప్పండి, ఏది నయం?”

బాబాయి మళ్ళీ సైకిలెక్కాడు. లైబ్రరీ దారిలో పళ్ళబండి ఆయన అతన్ని ఆపి, ఒక యాపిల్ ఎత్తి చూపించాడు. నున్నటి తొక్కమీద లోతుగా రెండు చిల్లులున్నాయి. “పెద్దమాస్టారు కొత్త పళ్ళు పరీక్ష చేసుకున్నారు. బాగున్నాయన్నారు. ఇది నేనెవరికి అమ్మను?” అన్నాడు. దాన్ని బాబాయే కొనుక్కోవాల్సి వచ్చింది.

అతను చేరేసరికి హాలు నిండిపోయింది. గుమ్మంలోనే కెప్టెన్ ఎదురొచ్చింది. “ఇంత ఆలస్యమా బాబాయ్, తల బోసినోటితో కూర్చుని ఉంది,” అంటూ జేబులోంచి పొడుచుకొస్తున్న డబ్బా లాగేసుకుని పరుగెత్తింది. అతను ఆగు ఆగు అంటుండగానే పళ్ళు తల నోట్లో కూర్చున్నాయి. నల్లటి జులపాలు, ఎర్రటి కళ్ళు, పాలిపోయిన బుగ్గలు ఉన్న ఆ రక్తపిశాచి, మాస్టారి కొత్త పళ్ళతో గుమాస్తాలాగా వినయంగా నవ్వుతోంది. కెప్టెన్ దాన్ని ఎగాదిగా చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

బాబాయి చచ్చీచెడీ వేదిక దాకా వెళ్ళి, వంగి, “మాస్టారూ, పళ్ళు...” అన్నాడు.

“బ్రహ్మాండంగా ఉన్నాయయ్యా,” అన్నారు మాస్టారు రుమాలు చాటునుంచి. “మీటింగయ్యాక మాట్లాడుకుందాం. వెళ్ళి కూర్చో.”

కూర్చో అని ఆయన అంటే కూర్చోవడం చిన్నప్పటి అలవాటు. బాబాయి వెళ్ళి స్తంభం చాటున కూర్చున్నాడు. తన తెలివితక్కువకి పిల్లల అర పోతుంది, క్లినిక్కు పనీ పోతుంది. పని కంటే అర గురించే ఎక్కువ బెంగగా ఉండటం చూసి అతనికే సిగ్గేసింది.

మాస్టారు లేచారు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఏముందండీ ఈ పుస్తకాల్లో?” అని హాలంతా కలయజూశారు. “కోరలు. రక్తం. చీకటి. పిల్లలకి మనం ఇవ్వాల్సింది ఇదా?”

ఆ మాటతోపాటు రెండు కోరలూ దీపం వెలుగులో తళుక్కుమన్నాయి. ముందుగా కెప్టెన్ లేచి చప్పట్లు కొట్టింది. మాస్టారు తమవైపు వచ్చేశారనీ, అది బాబాయి చేసిన ఘనకార్యమనీ ఆ పిల్ల నమ్మేసింది. దాని వెనకే పిల్లలందరూ లేచారు. మాస్టారి ఉపన్యాసాలకి చివర్లో చప్పట్లుండేవి, అయిపోయిందన్న సంతోషంతో. మొదట్లోనే కొట్టడం ఇదే ప్రథమం. ఆయన ఛాతీ విచ్చుకుంది.

“కావాలంటే వినండి ఈ చెత్త,” అని, కెప్టెన్ చదవడానికి తెచ్చి బల్లమీద ఆ తల పక్కన పెట్టుకున్న పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, క్లాసులో పాఠం చదివే గొంతుతో మొదలుపెట్టారు. “‘నీళ్ళకింద మా ఊరి గంట మోగిందంటే, పైనున్నవాళ్ళలో ఒకరి పేరు మేం మర్చిపోతాం. ఇవాళ గంట మోగింది. నీ మొహం నాకు తెలుసు. నీ పేరు గుర్తు రావడం లేదు.’”

ఆయన ఆగారు. పుస్తకాన్ని కళ్ళకి కొంచెం దగ్గరగా తెచ్చుకున్నారు.

“గుర్తు రాకపోవడమేమిటి? ఇంతకీ ఎవరి పేరది?” అని గొణిగి, పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. గొంతులో వెటకారం ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. కోరల సందుల్లోంచి ఆ మాటలు వస్తుంటే కమిటీ సభ్యులు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. లైబ్రేరియన్ మెల్లిగా, “సార్, ఓటింగు,” అంది. “ఉండమ్మా, వాడు గట్టెక్కాడో లేదో చూడనీ,” అన్నారు మాస్టారు.

సరిగ్గా అప్పుడు ఫోటోగ్రాఫరు ఫ్రేముతో లోపలికొచ్చి, దాన్ని మాస్టారి చేతిలో పెట్టి, ఒక్క క్షణం నిలబడకుండా వెళ్ళిపోయాడు.

మాస్టారు ఫోటో చూశారు. నాలుకతో పళ్ళు తడుముకున్నారు. మళ్ళీ ఫోటో చూశారు. అప్పుడు ఆయన చూపు బల్లమీది తలవైపు తిరిగింది.

“ఆ నోట్లో ఉన్నవి ఎవరివి?”

బాబాయి స్తంభం చాటునుంచి ఇవతలికి వచ్చాడు.

“తమరివేనండి. తమరి నోట్లో ఉన్నవి దానివి. పొద్దున ఆ పుస్తకంలో పడి డబ్బాలు చూసుకోలేదు.”

“పుస్తకంలో పడ్డావా? ఏ పుస్తకంలో?”

“తమరి చేతిలో ఉన్నదే. ఈ అరలో అతి ముసలి పాఠకుణ్ణి నేనేనండి. అందరూ నవ్వుతారని ఇన్నాళ్ళూ దాచాను. నన్నేం చేసినా సరే, అరని మాత్రం ఉంచండి మాస్టారూ. పని దిగాక నాకున్న సంతోషం అదొక్కటే.”

ఎవరూ నవ్వలేదు. పెద్దమాస్టారు ఆ రక్తపిశాచి నోట్లోంచి కొత్త సెట్టు తీసి, కడిగించి, గోడవైపు తిరిగి పెట్టుకుని చూశారు. ఇవి వదులన్నారు. మళ్ళీ కోరల సెట్టే పెట్టుకున్నారు.

“మరి ఇది ఇంత బాగా ఎలా కుదిరింది?”

“తమరు మొదట వద్దన్నది అదేనండి.”

మాస్టారు గట్టిగా దగ్గారు. “కోరలు తర్వాత అరగదీద్దువుగాని. ముందీ సంగతి తేలాలి. జవాబు పత్రం చదవకుండా మార్కులెయ్యడం నా జన్మలో లేదు. ఇది చదివేదాకా ఈ అరమీద ఓటింగు లేదు,” అని, పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మీటింగు ముగించేశారు. కెప్టెన్ వచ్చి బాబాయి చెయ్యి పట్టుకుని ఊపేసింది. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మరుసటి వారం బాబాయి లైబ్రరీకి మొదటిసారి ఏ చాటూ లేకుండా, తలెత్తుకుని వెళ్ళాడు. చీకటి అర ముందు నిలబడి నిర్ఘాంతపోయాడు. అది నున్నగా ఊడ్చినట్టుంది. ఒక్క పుస్తకం లేదు.

“ఎత్తేశారామ్మా?” అన్నాడు లైబ్రేరియన్‌తో.

“అబ్బే, ఎక్కడికీ పోలేదండి,” అంది లైబ్రేరియన్. “కమిటీ పరిశీలనలో ఉన్నాయి. మీరూ పేరు రాయించుకోండి, మాస్టారి తర్వాత కమిటీ మొత్తం వరసలో ఉంది.”